తాలీం: చదువు పేరు పెట్టుకున్న మట్టి ఇల్లు



మీ పేటలో పాత తాలీం ఒకటి ఉంటే, దాని గుమ్మాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎంత ఎత్తుంటుంది? ఎదిగిన మనిషి నిటారుగా లోపలికి పోలేడు. తల వంచాలి. గడప దాటాక ఒకటి రెండు మెట్లు కిందికి దిగాలి. లోపల వెలుతురు తక్కువ. ముందు వాసన తగులుతుంది, తర్వాత మనుషులు కనిపిస్తారు. తడి మట్టి వాసన, నూనె వాసన, పసుపు వాసన. సోలాపూర్ తూర్పు భాగంలోని మన నేతపేటల్లో పుట్టిన మగపిల్లలకు ఈ వాసన బడి వాసన కంటే ముందు తెలుసు. ఆడపిల్లలకు మాత్రం గుమ్మం బయటి దాకానే తెలుసు. ఈ మాట ఎందుకన్నానో ముందుకు పోయాక చెబుతాను.

నేను బడిపంతులమ్మను. తెలుగు, మరాఠీ రెండు భాషల్లోనూ పాఠం చెబుతాను. కాపురం కుంభారిలో. కొంతకాలం క్రితం ఏడో తరగతిలో ఒక అమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది. వాళ్ల పక్కింట్లో ఉర్దూ బడికి పోయే స్నేహితురాలు ఉందట. ఆ పిల్ల పుస్తకంలో తాలీం అంటే చదువు అని ఉందట. "బాయీ, తాలీం అంటే చదువైతే, మా అన్న పోయే తాలీంలో పుస్తకాలెందుకు లేవు?" అని అడిగింది.

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ మాట గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ పిల్ల ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే దొరికిన సంగతులే ఈనాటి నా ప్రసంగం.

ముందు మాటల సంగతి చూద్దాం. తాలీం అరబ్బీ మాట. బోధన, విద్య అని అర్థం. దక్కనులో అది కుస్తీ నేర్పే ఇంటికి పేరైంది. అక్కడ నేర్పే పెద్దను తెలుగులో మనం వస్తాదు అంటాం. మనకు వస్తాదు అంటే కండలు తిరిగిన మనిషి. కాని ఆ మాట పారశీకపు ఉస్తాద్ నుంచి వచ్చింది. ఉస్తాద్ అంటే గురువు. చూశారా, ఇంటి పేరు చదువు, ఇంటి పెద్ద పేరు పంతులు. ఇక మన సొంత తెలుగులో సాముగరిడి అనే పాత మాట ఉంది. కర్ర సాము, కత్తి సాము నేర్పే చోటు అది. సరిహద్దుకు అవతల కన్నడిగులు గరడి మనె అంటారు. మూడు భాషలు కలిసే ఈ నేల మీద మూడు పేర్లున్నా, చోటు ఒక్కటే.

దేహం సాధన చేసే చోటును చదువుతో ముడిపెట్టింది మన దక్కను వారొక్కరే కాదు. ఇంగ్లీషు వారు జిమ్నాజియం అంటారు. ఆ మాట గ్రీకు భాషది. దాని మూలంలో నగ్నంగా అనే అర్థం ఉంది. మన పహిల్వాన్లు గోచీతో దిగినట్టే, ఏథెన్సు యువకులు అదీ లేకుండా ఒంటికి నూనె రాసుకుని మట్టిలో దిగేవారు. అట్లాంటి ఒక జిమ్నాజియం ఏథెన్సు ఊరి బయట తోటలో ఉండేది. దాని పేరు అకాడమీ. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో ప్లేటో తన శిష్యులకు పాఠం చెప్పింది ఆ తోటలోనే. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ పాఠం చెప్పిన లైసియం కూడా జిమ్నాజియమే. 1996లో ఏథెన్సులో ఒక కొత్త కట్టడం కోసం తవ్వుతుంటే ఆ లైసియం కుస్తీశాల పునాదులు బయటపడ్డాయి. ఈనాడు మనం అకాడమీ అంటే పండితుల సభ అనుకుంటాం. అది మొదట కసరత్తు చేసే తోట పేరు. జర్మనీలో ఇప్పటికీ పెద్ద బడిని జిమ్నాజియం అనే పిలుస్తారు.

రోము దేశపు వాస్తు పండితుడు విట్రూవియస్, క్రీస్తు పుట్టడానికి కొద్ది సంవత్సరాల ముందు, కుస్తీశాల ఎట్లా కట్టాలో రాసి పెట్టాడు. నడుమ వాకిలి, చుట్టూ స్తంభాల వసారా, మూడు వైపుల విశాలమైన కొట్టాలు, వాటిలో అరుగులు. ఆ అరుగులు ఎవరి కోసం? తత్వవేత్తలు కూర్చుని వాదించుకోవడానికి. నాలుగో వైపు నూనెకొక గది, ఒంటికి మన్ను పూసుకోవడానికొక గది, చన్నీళ్ల స్నానానికొక గది. నూనె, మన్ను, మాట. ఈ మూడింటికీ ఒకే కప్పు కింద చోటిచ్చారన్నమాట. విశ్వవిద్యాలయం, వ్యాయామశాల ఒకే ఇంట్లో పుట్టిన అక్కాచెల్లెళ్లు. తర్వాతి కాలంలో ఒకరు పెద్దింటికి పోయారు, ఒకరు పేదింటికి వచ్చారు.

ఇప్పుడు మన పేదింటి చెల్లెలి కట్టుబడి చూద్దాం. నాకు తెలిసిన ఒక తాలీం గురించి చెబుతాను. దాని పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పుడది లేదు. మూరెడు మందం రాతి గోడలు. లోపల కర్ర స్తంభాలు, వాటి మీద దూలాలు, పైన మట్టి మిద్దె. పాత సోలాపూర్ ఇళ్లకు ఉండే ఈ మిద్దెను మరాఠీలో మాళవద్ అంటారు. ఎండాకాలంలో బయట నిప్పులు కురుస్తున్నా లోపల చల్లన. తర్వాతి కాలంలో చాలా చోట్ల మట్టి మిద్దె పోయి రేకు వచ్చింది. మన ఊళ్లో పత్రా తాలీం అనే పేరులోనే రేకు ఉంది. పాణీవేస్ తాలీం పేరులో పాత ఊరి నీళ్ల దర్వాజా ఉంది. ఇట్లా తాలీం పేర్లను వరుసగా చదివితే పాత సోలాపూర్ పటం కొంత కనిపిస్తుంది.

ఆ ఇంటి నడుమ హౌద్. అంటే కుస్తీ గుంత. అందులో ఎర్రమట్టి. మట్టి అంటే ఏదో తెచ్చి పోసిన మట్టి కాదు. జల్లెడ పట్టి, రాయీ రప్పా ఏరి, పసుపు, నూనె, మజ్జిగ, నిమ్మరసం కలిపి, రోజూ పారతో తిరగేసి, నీళ్లు చిలకరించి పెంచిన మట్టి. ఎండితే ఒళ్లు గీసుకుపోతుంది, మరీ తడిస్తే కాలు జారుతుంది. అందుకే కిటికీ చిన్నది, గుమ్మం చిన్నది. ఎండా గాలీ నేరుగా పడకపోతే మట్టి తేమ నిలుస్తుంది, చెమట పట్టిన ఒంటికి చలిగాలి తగలదు. గుమ్మం ఎత్తు తక్కువ కావడానికి వస్తాదులు మరో కారణం కూడా చెబుతారు. లోపలికి వచ్చేవాడు ఎంతటివాడైనా తల వంచి రావాలని. ఒక గోడలో గూడు, గూట్లో సిందూరం పూసిన మారుతి. సమర్థ రామదాసు 17వ శతాబ్దంలో సాతారా, కొల్హాపూర్ ప్రాంతాల్లో పదకొండు మారుతి గుళ్లు నిలిపాడని మరాఠీ వారు చెప్పుకుంటారు. తాలీంలో మారుతి లేకపోతే అది తాలీం అనిపించదు. ఆ మారుతికి దండం పెట్టి హౌద్‌లో దిగే ముస్లిం పహిల్వాన్లూ మా పేటలో ఉండేవారు. మట్టి అంటిన తర్వాత ఒంటి మీద కులం కనబడదు.

ఒక మూల మల్లఖాంబ్ స్తంభం. మరో మూల జోడీలు, కర్రలు, రాతి గుండ్లు. గోడ పక్కన దండీలు, బస్కీలు తీసే నేల. అక్కడ పాఠం ఏ భాషలో సాగేదో తెలుసా? మా అన్న చెప్పేవాడు. బస్కీల లెక్క తెలుగులో. వస్తాదు తిట్లు దక్కనీలో. పట్ల పేర్లు మాత్రం మరాఠీ, హిందీ కలిపి ఉండేవి. ధోబీపఛాడ్, ఢాక్, కలాజంగ్. బడిలో మరాఠీ వాచకం చదవలేక దెబ్బలు తిన్న మా అన్న తాలీంలో మూడు భాషలు నేర్చాడు. పుస్తకాలెందుకు లేవని అడిగిన పిల్లకు సగం జవాబు ఇక్కడే దొరికింది నాకు.

ఈ సాధనలు నిన్నామొన్న పుట్టినవి కావు. మనకు దగ్గరలోనే, బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్ ఒకప్పుడు చాళుక్యుల రాజధాని కల్యాణి. 1127 నుంచి 1138 దాకా ఏలిన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రాశాడు. అందులో మల్లుల వినోదానికి ఒక భాగమే కేటాయించాడు. ఏ వయసు మల్లుడికి ఏ తరగతి, ఏ తిండి, ఏ సాధన అన్నీ చెప్పాడు. స్తంభం మీద చేసే శ్రమను కూడా పేర్కొన్నాడు. అంటే మన మల్లఖాంబ్‌కు పూర్వీకురాలు మన సరిహద్దు మట్టిలోనే ఉంది.

తర్వాతి కథలో మన తెలుగు రాజధాని వస్తుంది. రెండవ బాజీరావు పేష్వా కాలంలో, నిజాం హైదరాబాదు నుంచి అలీ, గులాబ్ అనే ఇద్దరు మేటి పహిల్వాన్లు పుణెకు వచ్చి సవాలు విసిరారట. బాళంభట్ దాదా దేవధర్ అనే యువకుడు ఆ సవాలు అందుకున్నాడనీ, కర్ర స్తంభం మీద సాధన చేసి వారిని గెలిచాడనీ మల్లఖాంబ్ వారు చెప్పుకునే కథ. ఓడినవారు మన వైపు నుంచి వచ్చినవారే అయినా, ఆ ఓటమి వల్ల ఒక విద్య తిరిగి లేచి నిలబడింది. అందుకని మనం చిన్నబుచ్చుకోనక్కర లేదు.

కొల్హాపూర్ శాహూ మహారాజు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆయన 1902లో ఐరోపా పోయినప్పుడు రోము నగరంలో పాత రంగస్థలాన్ని చూశాడు. తిరిగి వచ్చాక కొల్హాపూర్‌లో ఖాస్‌బాగ్ మైదానం కట్టించాడు. అది 1912లో పూర్తయింది. నడుమ పల్లంలో కుస్తీ హౌద్, చుట్టూ పైకి లేచే గుండ్రని మెట్లు. ఏ మూల కూర్చున్నా కుస్తీ కనిపిస్తుంది. రాజు కట్టిన తాలీం అట్లా ఉంటే, కూలివాడు కట్టుకున్న తాలీం ఎట్లా ఉండాలి? మన తాలీం లాగానే ఉండాలి. చిన్నది, చీకటిది, కాని రోజూ నిండేది.

మన నేతవారు తాలీం ఎందుకు కట్టుకున్నారు? తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు బతుకుదెరువుకు సోలాపూర్ చేరారు. కొందరు ఇంట్లో మగ్గం వేసుకున్నారు, కొందరు మిల్లుకు పోయారు. 1877లో మొదలైన పాత మిల్లు, దాన్ని ఊరంతా జూనీ మిల్ అనేది, ఆ తర్వాత వచ్చిన నర్సింగ్‌గిర్జీ, లక్ష్మీ, విష్ణు మిల్లులు. మా తాతది గుంత మగ్గం. గుంత మగ్గం ఎట్లుంటుందో ఈ తరం పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు పెట్టి, గట్టు మీద కూర్చుని, కాళ్లతో తొక్కుతూ, చేతితో నాడె విసురుతూ నేయాలి. పొద్దుటి నుంచి రాత్రి దాకా ముందుకు వంగి ఉండాలి. నడుము వంగిపోతుంది, ఛాతీ ముడుచుకుపోతుంది, నూలు దుమ్ము ఊపిరిలోకి పోతుంది. మా తాత పొద్దున్నే నాలుగింటికి లేచి తాలీంకు పోయేవాడు. ఆయన అనే మాట ఒకటి మా ఇంట్లో మిగిలింది. "బిడ్డా, ఒక గుంతల వంగిన నడుము ఇంకో గుంతల నిటారైతది."

శ్రోతలారా, ఈ మాట మీద కొంచెం ఆగండి. మగ్గం గుంతా, హౌద్ గుంతా రెండూ మా తాత తవ్వినవే. మొదటిది కడుపు కోసం. రెండోది ఆ మొదటి గుంత తన దగ్గర నుంచి లాక్కున్నదాన్ని తిరిగి తెచ్చుకోవడం కోసం. మిల్లు భోంగా కూసేలోపు ఒక గంట, షిఫ్టు దిగాక ఒక గంట. ఆ గంటలో అతను కూలివాడు కాడు, శిష్యుడు. నాకు తెలిసినంతలో, విశ్వవిద్యాలయం గుమ్మం ఎన్నడూ తొక్కని మనిషికి అదే విశ్వవిద్యాలయం. సోలాపూర్‌కు సొంత విశ్వవిద్యాలయం 2004లో వచ్చింది. దానికి ముందు మన కళాశాలలు కొల్హాపూర్‌లో 1962లో ఏర్పడిన శివాజీ విశ్వవిద్యాలయం కింద ఉండేవి. మా తాత తాలీం వాటన్నిటి కంటే పెద్దది వయసులో.

తాలీంలో నేర్చింది తాలీంలోనే ఉండిపోలేదు. నారళీ పున్నమ నాడు మార్కండేయ మహాముని రథోత్సవంలో మన కుర్రాళ్లు లేజిం ఆడుతూ పోతారు కదా. లేజిం మొదట ఆట కాదు, వ్యాయామ సాధనం. వింటికి తాడు బదులు ఇనుప గొలుసు కట్టి, విలుకాళ్లు భుజాల బలం కోసం లాగేవారు. ఆ గొలుసు చప్పుడే తర్వాత తాళమైంది. వీధిలో వందమంది ఒక్క అడుగు వేస్తుంటే, ఆ అడుగు నేర్పింది తాలీం అని గుర్తుంచుకోండి.

ఇక ఆ పెద్దింటి అక్క సంగతి. పంతొమ్మిదో శతాబ్దం చివరకు అమెరికా విశ్వవిద్యాలయాలు పెద్ద పెద్ద వ్యాయామ భవనాలు కట్టడం మొదలుపెట్టాయి. ఆ భవనాల కట్టుబడి ఆటలనే మార్చింది. ఒక్క ఉదాహరణ చెబుతాను. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ అనే పంతులు, చలికాలంలో పిల్లలు ఇంటి లోపల ఆడుకునే ఆట కావాలని, పండ్ల బుట్టలు రెండు తెచ్చి వ్యాయామశాల మేడ వసారాకు కొట్టాడు. ఆ వసారా పది అడుగుల ఎత్తులో ఉంది. ఈనాటికీ ప్రపంచమంతటా బాస్కెట్‌బాల్ రింగు పది అడుగుల ఎత్తులోనే ఉంటుంది. ఒక పాత గోడ కొలత ప్రపంచానికి నియమమైంది. అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ అనే ఆయన మద్రాసుకు వచ్చి 1920లో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. మన బళ్లలో డ్రిల్లు మాస్టర్లు అనే జాతి పెరగడానికి ఆ కళాశాల ఒక పెద్ద కారణం. ఇక యేల్ విశ్వవిద్యాలయం 1932లో పూర్తి చేసిన వ్యాయామశాల బయట నుంచి చూస్తే చర్చి గోపురంలా ఉంటుంది. దేహానికి కట్టిన గుడి అన్నమాట.

కాని శ్రోతలారా, ఏ ఇల్లు చూసినా నేను మొదట చూసేది గుమ్మం. ఆ గుమ్మం ఎవరిని రానిచ్చింది? ఏథెన్సు జిమ్నాజియంలోకి ఆడవారికి, బానిసలకు ప్రవేశం లేదు. యేల్ డిగ్రీ తరగతుల్లోకి అమ్మాయిలను తీసుకున్నది 1969లో. తీసుకున్నాక కూడా, పడవ పందేల అమ్మాయిలకు నది ఒడ్డున స్నానాల గది లేదు. తడి బట్టలతో బస్సులో వణుకుతూ కూర్చోవాల్సి వచ్చేది. 1976లో వారు అధికారుల గదిలోకి పోయి నిరసన తెలిపితే గాని ఆ గది రాలేదు. దీనికి తలకిందులైన సంగతి ఒకటుంది. అదే దేశంలో స్మిత్ అనే మహిళా కళాశాలలో 1893లో అమ్మాయిలు మొదటిసారి బాస్కెట్‌బాల్ పోటీ ఆడినప్పుడు మగవారిని వ్యాయామశాలలోకి రానివ్వలేదు. గుమ్మానికి రెండు వైపులా గడియ పెట్టవచ్చునన్నమాట.

మా పేట తాలీం గుమ్మం బయట ఒక రాయి ఉండేది. నా చిన్నప్పుడు మా అమ్మ మజ్జిగ చెంబు ఇచ్చి పంపేది. నేను ఆ రాయి మీద చెంబు పెట్టి అన్నను పిలిచి వెనక్కి వచ్చేదాన్ని. ఒకసారి లోపలికి తొంగి చూస్తే ముసలి వస్తాదు మెల్లగానే అన్నాడు, "బిడ్డా, ఆడపిల్లలు గడప దాటొద్దు." కోపంగా అనలేదు. అది నియమం, అంతే. ఆ ఇంట్లోకి నేను పోయింది నా ముప్ఫై ఏళ్లు దాటాక, దాని మిద్దె తీసేసిన రోజున. కింద దుకాణాలు, పైన హాలు కట్టడానికి దాన్ని పడగొడుతున్నారు. ఆపేవారు ఇక లేరు. పై కప్పు లేని తాలీంలో మొదటిసారి ఎండ పడింది. గోడల మీద భుజాలు ఆనిన చోట రాయి నున్నగా మెరుస్తోంది. ఎన్ని తరాల చెమటో. మా అన్న హౌద్ మట్టి ఒక గుప్పెడు తీసి రుమాలులో కట్టుకున్నాడు. నేను ఏమీ తీసుకోలేదు. నాది అనుకునేది అందులో ఏముందో నాకు తెలియలేదు.

తాలీంలు ఎందుకు తగ్గిపోయాయి? ఎవరినీ నిందించనక్కర లేదు. మిల్లులు మూతపడ్డాయి. పవర్‌లూమ్ షిఫ్టులకు తాలీం గంటలు కుదరలేదు. పోటీలు మట్టి మీది నుంచి మ్యాట్ మీదికి పోయాయి. ఖాశాబా జాధవ్‌ను గుర్తు చేసుకోండి. కొల్హాపూర్ రాజారాం కళాశాల విద్యార్థి. మట్టిలో పెరిగినవాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మ్యాట్ మీద కుస్తీ పట్టి ఆరో స్థానంలో నిలిచాడు. 1952 హెల్సింకి పోవడానికి డబ్బు లేకపోతే, ఆయన కళాశాల ప్రిన్సిపాల్ తన ఇల్లు తాకట్టు పెట్టి ఏడు వేల రూపాయలు ఇచ్చాడు. జాధవ్ కాంస్యం తెచ్చాడు. స్వతంత్ర భారతదేశానికి ఒక మనిషి ఒంటరిగా తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అది. కళాశాలా తాలీమూ చేయి కలిపితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన నిదర్శనం నాకు కనబడలేదు.

గుమ్మం కూడా మెల్లగా తెరుచుకుంటోంది. 2016లో సాక్షి మలిక్ రియో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. మగవారికి మహారాష్ట్ర కేసరి పోటీ 1961 నుంచి ఉంది. ఆడవారికి మొదటి మహారాష్ట్ర కేసరి 2023లో సాంగ్లీలో జరిగింది, ప్రతీక్షా బాగ్డీ గెలిచింది. అరవై రెండేళ్లు పట్టింది. గడప ఒక్కటే, కాని దాటడానికి అంత కాలం.

ఇప్పుడు మా కుంభారికి వస్తాను. అక్కల్‌కోట్ దారిలో, ఒకప్పుడు జొన్న చేలుగా ఉన్న నేల. బీడీలు చుట్టే ఆడవారి కోసం ఇక్కడ గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్ల కాలనీ కట్టారు, 2006లో తాళాలు అందాయి. 2024 జనవరిలో రేనగర్‌లో మరో పదిహేను వేల ఇళ్లు కార్మికులకు ఇచ్చారు. నేతపేటల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఇటు తరలివచ్చాయి. సొంత గోడ, సొంత తలుపు. ఆ తలుపులోంచి నిటారుగా నడిచి లోపలికి పోవచ్చు. ఇది చిన్న సంగతి కాదు. అద్దె ఖోలీలో పుట్టినదాన్ని, నాకు తెలుసు. కాని ఇల్లు తెచ్చుకున్నంత తేలికగా తాలీం తెచ్చుకోలేం. ఇంటికి సిమెంటు చాలు. తాలీంకు ఏళ్ల తరబడి తిరగేసిన మట్టి కావాలి.

ఆ ఏడో తరగతి అమ్మాయికి నేను పాఠంలో జవాబు చెప్పి ఊరుకోలేకపోయాను. మేం కొందరం కలిసి ఒక ఖాళీ జాగాలో చిన్న హౌద్ తవ్వించాం. మట్టి జల్లెడ పట్టింది అమ్మాయిలే. ఇళ్ల నుంచి ఒకరు పసుపు, ఒకరు మజ్జిగ తెచ్చారు. మా అన్న ఇన్నేళ్లుగా దాచిన రుమాలు విప్పి ఆ పాత మట్టి ఇందులో కలిపాడు. ఇప్పుడు పదకొండు మంది వస్తున్నారు. సాయంత్రం ఒక గంట.

అందరూ సంతోషించారని చెబితే అబద్ధమవుతుంది. ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ఆమె బిడ్డ బడి నుంచి రాగానే తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించేది. బీడీ కూలి వెయ్యికి ఇంత అని కదా. "బాయీ, ఆ గంటల నాకు వంద బీడీలు తక్కువైతున్నయి. కుస్తీ పట్టి నా బిడ్డ ఏం చేస్తది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఒలింపిక్ పతకం గురించి ఆమెకు చెప్పడం నాకు సిగ్గనిపించింది. ఆమె నడుము వైపు చూశాను. నలభై దాటలేదు, అప్పుడే వంగిపోయింది. మా తాత మాటే చెప్పాను. ఒక గుంతల వంగిన నడుము ఇంకో గుంతల నిటారైతది అని. ఆమె ఏమీ అనలేదు. రెండు వారాలు ఆ పిల్ల రాలేదు. తర్వాత ఒక సాయంత్రం తల్లీ బిడ్డా ఇద్దరూ వచ్చారు. తల్లి చేతిలో చాట, చాటలో ఆకూ తంబాకూ. హౌద్ గట్టు మీద కూర్చుని ఆమె బీడీలు చుడుతూ ఉంటే, బిడ్డ మట్టిలో దిగింది. ఎన్ని రోజులు వస్తారో చెప్పలేను. వంద బీడీల లెక్క ఇంకా తీరలేదు.

మా హౌద్‌కు ఇంకా గోడలు లేవు, కప్పు లేదు. కట్టే రోజు వస్తే పాత తాలీం నుంచి మందపు గోడా, చిన్న కిటికీ, చల్లని చీకటీ తీసుకుందాం అంటున్నాను. ఆ కొలతల్లో మన పెద్దల తెలివి ఉంది. మారుతి గూడు కూడా ఉండనీ. ఒక్క గుమ్మం మాత్రం మార్చాలి. తల వంచడం మంచి అలవాటే, కాని పగలంతా వంగి పనిచేసినవారు అక్కడ కూడా వంగి లోపలికి రావాలా అనేది నాకు తోచిన ప్రశ్న.

శ్రోతలారా, మీ నుంచి ఒక్కటే కోరుతున్నాను. మీ పేటలో పాత తాలీం ఇంకా నిలిచి ఉంటే, ఒక ఆదివారం పిల్లలను వెంటబెట్టుకుని పోండి. గుమ్మం ఎత్తు కొలవండి. గోడ మందం కొలవండి. హౌద్ లోతు కొలవండి. ముసలి వస్తాదు ఉంటే మట్టిలో ఏమేం కలుపుతారో అడిగి రాసుకోండి. మీ ఆడపిల్లలను కూడా తీసుకుపోండి. తాలీం అంటే చదువు అని వాళ్లకు చెప్పండి.